ఎవరి నెత్తిన ఎవరి టోపీ?

2024 జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు పోయొచ్చిన నాలుగో రోజు. కోదాడ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చున్నాం. మా గల్లీలో గాజులమ్మే పెద్దమనిషి ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. "భాయ్, తుమ్ అఖ్బారోంమే లిఖ్తే నా, జరా యే దేఖో" అని తెర మా ముక్కు కింద పెట్టాడు. తెర మీద ఆయన ముఖమే. నెత్తిన తెల్ల టోపీ, తెల్ల గడ్డం, సగం తెరిచిన నోరు. ఆ ముఖం చుట్టూ ఎర్రటి సున్నా. సున్నా వైపు వేలు పెట్టి చూపిస్తున్నట్టు పసుపుపచ్చ బాణం. కింద లావాటి అక్షరాలు: "దర్గాలో వీడు ఏం చేశాడో తెలిస్తే...". మూడు చుక్కలు, రెండు ప్రశ్నార్థకాలు.

"మై క్యా కరా భాయ్?" అన్నాడాయన. నేనేం చేశానని.

మేం ఆ వీడియో ఆసాంతం చూశాం. పదకొండు నిమిషాలు. అందులో గంధం ఊరేగింపు ఉంది, జనం ఉన్నారు, కందూరు పొయ్యిల పొగ ఉంది, మైకు పట్టుకున్న పిల్లగాడు చివరిదాకా చూడమని నాలుగుసార్లు బతిమాలడం ఉంది. మా పెద్దమనిషి మాత్రం రెండు సెకన్లు కనబడతాడు. ఒకామెకు డజను గాజుల ధర చెబుతుంటాడు. నోరు సగం తెరిచింది అందుకే. అంతే. దర్గాలో వాడు చేసింది గాజులమ్మడం.

ఈ సంగతి చెబితే ఆయన ముఖం తేటపడలేదు. సూర్యాపేట నుంచి అల్లుడు ఫోను చేశాడట. రోజూ గాజులు కొనే ఆడవాళ్లు "ఏం సాయిబూ, వీడియోకెక్కినవంట, ఏం జేసినవేంది?" అని నవ్వుతున్నారట. ఎగతాళికే అడుగుతున్నారు, పాపం వాళ్లకేం కడుపులో విషం లేదు. కానీ అడిగినవాళ్లలో ఒక్కరూ వీడియో తెరిచి చూడలేదు. బొమ్మ చూశారు. బొమ్మ దగ్గరే ఆగారు. ఆ పిల్లగాడి మీద ఫిర్యాదు చేద్దామా అంటే, ఏమని చేస్తాం? వాడు ఈయన్ని దొంగ అన్నాడా? ఏమీ అనలేదు. వాక్యమే పూర్తి చేయలేదు.

మాది ఆర్ట్స్ చదువు. కవిత్వం మీద, కథల మీద పేజీలకు పేజీలు విమర్శ రాశాం. ఏ కవి ఏ ప్రతీక ఎందుకు వాడాడని తెగ తవ్వాం. ఇవాళ ఊళ్లో అన్ని కులాలవాళ్లు, అన్ని వయసులవాళ్లు రోజుకు వందసార్లు చదివే తెలుగు రచన మాత్రం ఈ తంబ్‌నెయిలే. దీని మీద ఎవరూ విమర్శ రాయరు, సాహిత్యం కాదు కదా అని. కానీ దీని పనితనం చూడండి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. క్రియకు ముందే వాక్యాన్ని తెంపేస్తే ఏం జరిగిందో చెప్పకుండానే ఎవరు చేశాడో చెప్పినట్టవుతుంది. నేరం ఖాళీగా ఉంటుంది, నేరస్థుడు మాత్రం సిద్ధంగా ఉంటాడు. ఆ ఖాళీని చూసేవాడు తన దగ్గరున్న సరుకుతో నింపుకుంటాడు. హీరోయిన్ బొమ్మయితే ఒక సరుకు, టోపీ బొమ్మయితే ఇంకో సరుకు. ఇక సర్వనామం సంగతి. అరవై అయిదేళ్ల మనిషిని ఊళ్లో ఎవరూ "వీడు" అనరు. అనుకోవడం వేరు, అనడం వేరు. తెర మీద అనొచ్చు. "ఈయన" అని రాస్తే ఎవరూ ఆగరని ఆ పిల్లగాడికి ఎవరో నేర్పారు.

ఎవరు నేర్పారన్నదే మా ప్రశ్న.

మా చిన్నతనంలో కోదాడలో సినిమాకు పోతే తెర మీద ముస్లిం కనబడగానే హాలు నవ్వడానికి తయారయ్యేది. "నిమ్మల్కీ, నమ్మల్కీ" అని మాట్లాడేవాడు. అట్లా మాట్లాడే ముస్లింను మేం ఎక్కడా చూడలేదు, మా ఇళ్లలో అంతకంటే లేడు. మా నానా తెలుగు విని పక్కింటి పంతులుగారు ముచ్చటపడేవారు. అయినా హాల్లో మేమూ నవ్వేవాళ్లం. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ నవ్వించే సాయిబు మెల్లగా తెర దిగిపోయి, బాంబు పట్టుకున్నవాడు ఎక్కాడు. మా పిల్లలు వాణ్ణి చూస్తూ పెరిగారు. ఈ పరాయీకరణ గురించి 1991లో 'పుట్టుమచ్చ' నుంచి 1998లో 'జల్‌జలా' దాకా మావాళ్లు గొంతు చించుకుని చెప్పారు. తర్వాత ఇరవై నాలుగ్గంటల టీవీ వచ్చింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చి చచ్చింది మావాళ్లే, ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిన కుర్రాళ్లూ మావాళ్లే. కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడేదాకా వాళ్ల ముఖాల కింద నడిచింది ప్రశ్నార్థకమే. కనుక ప్రశ్నార్థకం ఆ మైకు పిల్లగాడు కనిపెట్టింది కాదు. పెద్దల నుంచి వచ్చిన ఆస్తి. కాకపోతే అప్పట్లో ఆ ప్రశ్నార్థకం వేయడానికి ఒక ఎడిటరుండేవాడు. ఆయన్ని తిట్టుకోవచ్చు, ఆయన ఆఫీసు ముందు ధర్నా చేయొచ్చు. ఇప్పుడెవర్ని తిట్టుకోవాలి?

"యంత్రానికి మతమేముంటుంది సార్" అంటారు మా అభ్యుదయ మిత్రులు. నిజమే, లేదు. మేం వాళ్లతో గొడవకు దిగం. అయితే యంత్రం ఎట్లా నడుస్తుందో కాస్త చూడాలి. 2012 దాకా యూట్యూబ్ ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క మీద వీడియోలను పైకి ఎత్తేది. దాంతో బొమ్మొకటి, లోపలొకటి పెట్టే మోసం పెరిగిందని లెక్క మార్చింది. ఎంతసేపు చూశారన్నది కొత్త కొలబద్ద. 2016లో ఆ కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు, పాల్ కోవింగ్టన్, జే ఆడమ్స్, ఎమ్రే సర్గిన్, తమ యంత్రం ఎట్లా ఎంచుతుందో ఒక పత్రంలో వివరించారు. రెండు జల్లెళ్లు. మొదటిది లక్షలాది వీడియోల్లోంచి మీకు పనికొస్తాయనుకున్న కొన్ని వందలు తీస్తుంది. రెండోది వాటిని వరసలో పెడుతుంది. ఈ బొమ్మ చూపిస్తే ఈ మనిషి ఎన్ని నిమిషాలు ఇస్తాడు అన్నదే ఆ వరసకు ఆధారం. నొక్కుళ్లను మాత్రమే లెక్కపెడితే మోసపు వీడియోలే పైకొస్తాయని ఆ పత్రంలోనే రాసుకున్నారు. అంటే జబ్బు వాళ్లకు తెలుసు. మందు కూడా వేశారు. కానీ మన మైకు పిల్లగాడు మందుకు కూడా మందు కనిపెట్టాడు: "చివరిదాకా చూడండి, అసలు సంగతి చివర్లో ఉంది." 2020 జూలై నుంచి ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోకు మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు. అంతకుముందు పది నిమిషాలుండేది. రెండు సెకన్ల గాజుల బేరం పదకొండు నిమిషాలు ఎందుకు సాగిందో ఇప్పుడు అర్థమవుతుంది.

2018 జనవరిలో యూట్యూబ్ పెద్ద నీల్ మోహన్ ఒక సభలో చెప్పారు, జనం తమ దగ్గర చూసే సమయంలో 70 శాతానికి పైగా యంత్రం చేసే సిఫారసుల వల్లేనని. ఇక్కడ 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. తోపుడుబండి మనిషికీ, ఇంట్లో ముసలమ్మకూ ఒకేసారి ఈ కిటికీ తెరుచుకుంది. చదవడం రానివాళ్లకు కూడా. యంత్రానికి మతం లేదు, సరే. దానికి గురువులున్నారు. ఏ బొమ్మ దగ్గర మన చూపు ఆగిందో అదే దానికి పాఠం. నలభై ఏళ్లుగా సినిమా, పత్రిక, టీవీ కలిసి మన చూపును ఎక్కడ ఆపాలో నేర్పాయి. యంత్రం ఆ చూపు నుంచి నేర్చుకుంది. మిత్రులారా, టోపీ దగ్గర ఆగిన చూపులో మీ చూపు కూడా ఉంది. మా చూపు కూడా ఉంది. ఆ బొమ్మను మేమూ నొక్కి చూశాం కదా, పదకొండు నిమిషాలు!

"ఇది మీకొక్కరికేనా, అందరికీ జరిగేదే" అనే మాట కూడా వినబడుతుంది. కోట శ్రీనివాసరావు గారిని 2023 మార్చిలో ఇట్లాగే చంపేశారు. బతికే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. (2025 జూలైలో ఆయన నిజంగానే పోయారు.) ఎనభై ఏళ్ల మనిషికి అది చిన్న అవమానం కాదు. అయితే తేడా చూడండి. చచ్చిపోయాడని రాస్తే, బతికున్నానని తేల్చేయొచ్చు. "ఏం చేశాడో తెలిస్తే" అని రాసినదానికి గాజులాయన ఏమని జవాబు చెప్పాలి? గాజులమ్మానని ఇంటింటికీ తిరిగి చెప్పాలా? పైగా కోటగారి మీద రాసింది కోటగారితోనే ఆగుతుంది. టోపీ మీద రాసింది టోపీ పెట్టుకున్నవాళ్లందరి నెత్తికీ చుట్టుకుంటుంది.

చుట్టుకోవడం మేం చూశాం. 2020 మార్చి నెలాఖర్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. ఆ ఏప్రిల్లో సూర్యాపేట కేసులతో రాష్ట్రమంతా మోగింది. మర్కజ్ సభ జరపడంలో బాధ్యతారాహిత్యం ఉంది, అది మేం అప్పుడూ రాశాం. కానీ తెర మీద నడిచింది ఆ చర్చ కాదు. సూఫీలు గుండెల నిండా ఊపిరి తీసి వదులుతూ జిక్ర్ చేస్తున్న పాత వీడియో ఒకటి, రోగం అంటించడానికి మూకుమ్మడిగా తుమ్ముతున్నారని తిరిగింది. అన్నం మెతుకు వృథా చేయకూడదని పళ్లెం నాకే బోహ్రాల పాత వీడియో ఒకటి, వైరస్ పూస్తున్నారని తిరిగింది. రెండూ అబద్ధమని నిజనిర్ధారణ చేసేవాళ్లు తేల్చారు. తేల్చినదాన్ని చదివినవాళ్లెందరు? ఆ రోజుల్లోనే బండి మీద పళ్లమ్మే మాకు తెలిసిన కుర్రాణ్ణి ఒక వీధిలో ఆపి పేరు అడిగారు. పళ్ల ధర అడగలేదు, పేరు అడిగారు. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని తప్పుబట్టింది. 2021 సెప్టెంబర్ 2న సుప్రీంకోర్టులో మర్కజ్ వార్తల మీద పిటిషన్లు విచారిస్తూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, వెబ్ పోర్టళ్లు, యూట్యూబ్ ఛానళ్లు పట్టపగ్గాల్లేకుండా అబద్ధాలు పంచుతున్నాయనీ, వార్తల్లో ఒక భాగానికి మతం రంగు పులుముతున్నారనీ వాపోయారు. ఆయనది ఒకప్పటి కృష్ణా జిల్లాలోని పొన్నవరం. తెలుగు తంబ్‌నెయిళ్లు ఆయన ఇంట్లోవాళ్లూ చూస్తూనే ఉండి ఉంటారు.

మొజిల్లా అనే సంస్థ 2021లో ఒక పరిశీలన బయటపెట్టింది. అనేక దేశాల నుంచి వాలంటీర్లు, ఎందుకు చూశామా అని బాధపడ్డ వీడియోలను పోగుచేసి ఇచ్చారు. వాటిలో 71 శాతం వాళ్లు వెతుక్కున్నవి కావు, యంత్రం ముందు పెట్టినవి. ఇంగ్లీషు ప్రధాన భాష కాని దేశాల్లో ఈ బెడద 60 శాతం ఎక్కువ. ఆశ్చర్యమేముంది? "వీడు" అన్నప్పుడు ఎంత తూకం పడుతుందో కాలిఫోర్నియాలో కూర్చున్నవాడికి ఎట్లా తెలుస్తుంది? 2024 డిసెంబరులో, బొమ్మలో చెప్పింది లోపల లేకపోతే, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, ఇండియాలో అట్లాంటి వీడియోలు తీసేస్తామని యూట్యూబ్ ప్రకటించింది. మంచిదే. కానీ మా గాజులాయన బొమ్మ ఏ మాటా ఇవ్వలేదు కదా, తప్పిందనడానికి!

ఇక మా సంగతి. మేం పుణ్యాత్ములం కాదు. పదేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక వెబ్ డెస్కులో పనిచేశాం. ఓ రాత్రి పాతబస్తీలో మంచినీళ్ల పైపు పగిలింది. మేం పెట్టిన హెడ్డింగు "పాతబస్తీలో అర్ధరాత్రి ఏం జరిగింది?". ఆ వారం అన్నిటికంటే ఎక్కువమంది చూసిన వార్త అదే. డెస్కు ఇన్‌ఛార్జి వచ్చి భుజం తట్టాడు. మేం పుట్టి పెరిగిన మాటను, మా బంధువులుండే బస్తీ పేరును ఎరగా గుచ్చామని అప్పుడు అనిపించలేదు. జీతం పెరుగుతుందేమో అనిపించింది. పెరగలేదు లెండి.

మా దీనీ ఛానళ్లేం తక్కువ తినలేదు. మా అమ్మీ ఫోనులో నాత్‌లు వినేది. దక్కనీ నవ్వులాటలు చూసేది. 'ది అంగ్రేజ్' వచ్చినప్పటి నుంచి మా యాసలో బొమ్మలకు కరువు లేదు, ఫోనుకు మాత్రం అది హిందీయో ఉర్దూయో ఏదో ఒకటి. అందుకే పాకిస్తాన్ నాటకాలు తెచ్చి పెట్టేది. 2025లో పహల్గాం దాడి తర్వాత ప్రభుత్వం అక్కడి ఛానళ్లను ఇక్కడ ఆపేసింది. నాటకాల జాగా ఖాళీ అయింది. ఖాళీని ఏది నింపిందనుకుంటున్నారు? ఖియామత్ సూచనలు. జిన్నాతులు. ఏడుసార్లు చదివితే అప్పు తీరిపోయే వజీఫాలు. మంటల్లో కాలుతున్న బొమ్మ, దాని పక్కన వేలు చూపిస్తున్న మౌల్వీ, ఇక్కడా అదే ఎర్ర సున్నా. సగం వాక్యం కూడా అదే: "ఈ తప్పు చేసే ఆడవాళ్లు...". అమ్మీకి నిద్ర పట్టడం మానేసింది. డెబ్బై ఏళ్లు నమాజు చేసిన మనిషి, ఏ తప్పు చేశానా అని లెక్కలు వేసుకుంటోంది.

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టింది ఇంకొకటి. హుజూర్‌నగర్ మీదుగా జాన్‌పహాడ్ దారి పట్టి ఎవరైనా ఏ ఊళ్లోనైనా ఆగి "సైదులూ" అని కేకేస్తే ఇద్దరు పలుకుతారు. ఒకరు మావాడు కావచ్చు, కాకపోనూ వచ్చు. సైదమ్మలూ అంతే. పిల్లల్లేరని మొక్కుకోవడం, పుడితే ఆ పేరు పెట్టడం, అక్కడే పుట్టెంట్రుకలు తీయించడం, కందూరు చేసి పదిమందికి పెట్టడం. కృష్ణ అవతలి ఒడ్డు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. మా మిత్రుడొకడికి ఆ పేరే ఉంది. హిందువు. మాతో డిగ్రీ చదివాడు. ఉర్సుకు మా ఇంటివాళ్లూ వాళ్ల ఇంటివాళ్లూ ఒకే జీపులో పోయేవాళ్లం. మా భాంజాను తొలిసారి భుజానెక్కించుకుని దర్గా మెట్లెక్కించింది వాడే.

2024లో ఆ ఇద్దరూ రాలేదు. భాంజా ఇంజనీరింగు చదువుతున్నాడు. "మామూ, ఖబర్‌కు మొక్కడం షిర్క్" అన్నాడు. ఎవరు చెప్పారంటే ఫోను చూపించాడు. మిత్రుడేమో మాట దాటేశాడు. రెండోసారి అడిగితే "గోరీలకు మొక్కితే మనవాళ్లు నవ్వుతున్నార్రా, మావాడికి నా పేరు చెప్పుకోవడం నామోషీగా ఉందంట" అన్నాడు. వాడి కొడుకు ఫోనులో చూపించాడట, దర్గాల వెనక కుట్ర ఏమిటో. ఒకరోజు రెండు ఫోన్లూ చాయ్ బల్ల మీద పక్కపక్కన పెట్టి కిందికి జరుపుతూ పోయాం. ఒకదాంట్లో మౌల్వీ, ఇంకోదాంట్లో కాషాయం కట్టుకున్నాయన. ఇద్దరూ వేలు చూపిస్తున్నారు. ఇద్దరి వేలూ ఒకే గోరీ వైపు. ఇద్దరి బొమ్మల మీదా అదే ఎర్ర సున్నా, అదే పసుపు బాణం. ఒకరినొకరు జన్మలో చూసుకోని ఆ ఇద్దరూ కలిసి మా జీపు ఖాళీ చేశారు.

దర్గాకు మొక్కాలా వద్దా అన్నది పాత తగువే. తబ్లీగీలకూ బరేల్వీలకూ మధ్య మా ఇళ్లలో దస్తర్‌ఖాన్ మీద ఎన్నిసార్లు నడవలేదు! నానా ఒప్పుకునేవాడు కాదు, నానీ వినేది కాదు. ఆయన ఉర్సుకు రాడు, ఆమె మానదు. తెచ్చిన తబర్రుక్ మాత్రం ఆయన తినేవాడు. ఆ తగువులో ఎదుటి మనిషి ముఖం కనబడేది. ఇప్పుడు భాంజాకు మా ముఖం చూసే అవసరమే లేదు. మేం ఒక మాటంటే వాడి ఫోను పది మాటలంటుంది, అన్నీ వాడివైపే. మిత్రుడి కొడుక్కీ అంతే.

2025 జనవరిలో మళ్లీ పోయాం. జీపు అక్కర్లేకపోయింది, బస్సులో పోయాం. గంధం ఊరేగింపు మేమే ఫోనులో తీసి, పైన బాణాలేవీ లేకుండా "జాన్‌పహాడ్ ఉర్సు, గంధం" అని పెట్టాం. పదిహేను రోజులకు దాన్ని చూసినవాళ్లు నలభై ముగ్గురు. అందులో సగం మా చుట్టాలే అయివుంటారు. మిత్రుడు మాత్రం ఫోను చేసి, అందులో వేపచెట్టు పక్కన కనబడ్డ ముసలామె వాళ్ల మేనత్తేనా అని అడిగాడు. అవునన్నాం. ఒంటరిగా వచ్చిందా అని అడిగాడు. ఊరివాళ్లతో వచ్చిందన్నాం. కాసేపు మాట్లాడలేదు. కందూరు పెట్టారా అన్నాడు. పెట్టారన్నాం.

గాజులాయన తన పాత జాగాలోనే కొట్టు పెట్టాడు. చుట్టూ ఆడవాళ్లు, బేరాలు, చేతుల మీద సబ్బునీళ్లు. ఒకామె చేతికి మట్టిగాజులు ఎక్కిస్తున్నాడు. తీద్దామని మేం ఫోను ఎత్తాం. ఆయన మమ్మల్ని చూశాడు, గుర్తుపట్టాడు, నవ్వాడు. నవ్వుతూనే ఆమె చెయ్యి వదిలి, నెత్తి మీది టోపీ తీసి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అబ్ లేలో భాయ్" అన్నాడు.

మేం ఫోను దించేశాం.